పిల్లిని తెచ్చుట వేరు, నిలుపుకొనుట వేరు

మాసూళ్లు ముగిసి ధాన్యము ఇల్లు చేరగానే రైతు కుటుంబమునకు రెండు చింతలు మొదలగును. ఒకటి ధర, రెండవది ఎలుక. ధర మన చేతిలో లేదు. ఎలుకను గురించి మాత్రము ప్రతి ఇంట ఏదో ఒక ప్రయత్నము జరుగుచునే యుండును. బోను పెట్టువారు బోను పెట్టుదురు, మందు పెట్టువారు మందు పెట్టుదురు. ఈ రెండును విసుగు పుట్టించిన పిమ్మట, "ఎక్కడినుండియైనా ఒక పిల్లిని తెండి" అని ఇంటి పెద్దలు అందురు. పొరుగు వీధిలోనో, చుట్టాల ఊరిలోనో ఒక పిల్లి దొరకును. దానిని గోనెసంచిలో వేసి, మూతి కట్టి, మోటారు సైకిలుపై తెచ్చి, ధాన్యపు కొట్టులో విడిచి తలుపు వేయుదురు. మరునాడు తలుపు తీయగానే అది కాళ్ల సందున దూరి పారిపోవును. "పిల్లికి విశ్వాసము లేదు" అని ఒక మాట అని అందరును ఊరకుందురు.

ఈ మాట న్యాయమైనది కాదని నా అభిప్రాయము. పిల్లి నిలువకపోవుటకు కారణము పిల్లి గుణము కాదు, దానిని మనము ఇంటికి చేర్చుకొను పద్ధతి. సంతలో కొన్న గేదెను ఇంటికి తెచ్చిన దినమున మనమేమి చేయుదుమో తలచుకొనుడు. దానిని కట్టుకొయ్యకు కట్టి, మేతయు నీరును ముందుంచి, ఇంటివారు దగ్గర నిలిచి, నాలుగు దినములు చేతితో మేపి, అది చోటు గుర్తుపట్టిన తరువాతనే మందలోనికి తోలుదుము. తెచ్చిన గంటకే తాడు విప్పి పొలిమేరలో విడిచిన రైతు ఎవ్వడును లేడు. గేదె విషయమున ఇంత తెలిసిన మనము పిల్లి విషయమున ఆ పాటి ఓపిక ఎందుకు చూపరాదు?

వరి, వేరుసెనగ, మిరప సాగులను గూర్చి వ్రాయు ఈ పత్రికలో పిల్లి ప్రసక్తి యేమని కొందరు పాఠకులకు తోచవచ్చును. ఎలుక తన శరీరపు బరువులో సుమారు పదవ వంతు తిండి దినమునకు తినును. తిన్నదానికంటె మలమూత్రములతో, వెంట్రుకలతో పాడుచేయునది హెచ్చు. విత్తనపు సంచులు, తవుడు, తెలకపిండి, చింతపండు, డ్రిప్పు గొట్టములు, ట్రాక్టరు వైర్లు దేనిని విడువదు. పైగా ఎలుక మూత్రము వలన మనిషికి ఎలుక జ్వరము సోకును. దానిని వదిలించుకొను ఆత్రములో ఇంటిలో విషము చల్లువారు పసిపిల్లల ప్రాణములతో ఆటలాడుచున్నారు. కావున ఇంటిలోని ఎలుకకు విషము లేని ఉపాయమేదైనను వ్యవసాయ విషయమే.

పిల్లి చేయగలది, చేయలేనిది

మొదట పిల్లి శక్తిని సరిగా అంచనా వేసికొనవలెను. మన ఇండ్లలో కనబడునవి ముఖ్యముగా మూడు విధములు. చిట్టెలుక లేక చుండెలుక ఒకటి; దీని బరువు పదిహేను, ఇరవై గ్రాములు. దూలముల మీద, అటకల మీద పరుగులిడు ఇంటి ఎలుక రెండవది. గోడల క్రింద, గడ్డివాముల అడుగున బొరియలు త్రవ్వు పందికొక్కు మూడవది. ఆంగ్లేయులు దీనిని 'బాండికూట్' అనుట మన తెలుగు మాట నుండి నేర్చినదే. పెద్ద పందికొక్కు అరకిలోకు పైబడి తూగును, తిరుగబడి కరచును. చిట్టెలుకలను, ఎలుక పిల్లలను పిల్లి సులువుగా పట్టును. ఎదిగిన పందికొక్కు జోలికి పోవు పిల్లులు అరుదు.

దీనిని రుజువు చేయు పరిశోధన ఒకటి 2018లో ప్రచురితమైనది. న్యూయార్కు నగరమందలి బ్రూక్లిన్‌లో వ్యర్థ పదార్థములను వేరుచేయు ఒక కేంద్రమున పెద్ద ఎలుకల నడుమ తిరుగాడు పిల్లులను 79 దినములు కెమెరాలతో గమనించిరి. అంత కాలములోను పిల్లులు చంపినట్లు కెమెరాకు చిక్కిన ఎలుకలు రెండే. పిల్లి ఉన్నప్పుడు ఎలుకలు చాటున దాగినవే గాని తరిగిపోలేదు.

అంత మాత్రమున పిల్లి పనికిరానిదని తలపరాదు. ఆక్స్‌ఫర్డుకు చెందిన జీవశాస్త్రజ్ఞుడు చార్లెస్ ఎల్టన్ రైతుల కొట్టములలోని పిల్లులను పరిశీలించి 1953లో ఒక వ్యాసము ప్రకటించెను. ఎలుకలు నిండియున్న చోటును పిల్లులు శుభ్రము చేయజాలవనియు, ముందుగా ఎలుకలను తొలగించిన చోటికి అవి తిరిగి చేరకుండ పిల్లులు కాపాడగలవనియు, అందుకై పిల్లులకు ఇంటివద్ద తిండి దొరకవలెననియు ఆయన తేల్చెను. మన గ్రామములలో నేను గమనించినదియు ఇదియే. పిల్లి కాపలాదారు, యుద్ధము చేయు సైనికుడు కాదు.

కావున పని వరుస ఇట్లుండవలెను. ముందు బోనులు పెట్టి ఎలుకలను పట్టుడు. గోడల బొరియలను గాజుపెంకులు కలిపిన సిమెంటుతో పూడ్చుడు. తలుపుల అడుగున రేకు కొట్టుడు. సంచులను నేలమీద గాక చెక్క బల్లలమీద, గోడకు ఎడముగా పేర్చుడు. గడ్డివామును ఇంటికి దూరముగా వేయుడు. ఇవి యన్నియు చేసి, ఎలుకల సంఖ్య తగ్గిన తరువాత పిల్లిని తెండు. పొలము గట్లపై ఎలుకల నివారణకు పిల్లి ఉపయోగపడదు. దానికి ఊరివారందరు కలిసి ఒకే వారములో చేయు సామూహిక నివారణయే మార్గము.

పస్తు పెట్టరాదు

"కడుపు నిండిన పిల్లి ఎలుకను పట్టదు, దానిని పస్తు పెట్టవలెను" అను నమ్మకము ఇంటింట కలదు. పిల్లులు నిలువకపోవుటకు ముఖ్య కారణము ఈ నమ్మకమే. పిల్లి వేటాడుట ఆకలి చేత మాత్రమే కాదు. కడుపు నిండిన పిల్లి కూడ కదలునది కనబడినచో దూకును. పట్టిన ఎలుకను తినక ఆడుకొనుట మనకు తెలిసినదే. "పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము" అను సామెత ఊరక పుట్టలేదు. ఆకలిగొన్న పిల్లి మన కొట్టును కాపలా కాయదు. పొరుగింటి ఉట్టి కొరకు, చేపల అంగడి కొరకు బయలుదేరి, త్రోవలో కుక్క బారినో, లారీ క్రిందనో పడును.

పిల్లికి ఉదయమొకసారి, సాయంకాలమొకసారి నియమముగా తిండి పెట్టవలెను. పిల్ల అయినచో కొంచెము కొంచెముగా దినమునకు మూడు నాలుగు సార్లు పెట్టవలెను. చేప తలలు, ఉడికించిన కోడి మాంసపు ముక్కలు, ఉడికిన గుడ్డు, కొంచెము అన్నము కలిపి పెట్టవచ్చును. ఉల్లి, వెల్లుల్లి, మసాలా చేరిన కూర పెట్టరాదు. ఉల్లి పిల్లి రక్తమును చెరచును. వండిన ఎముకలు గొంతులో గ్రుచ్చుకొనును. పిల్లికి పాలే ఆహారమని మనవారి నమ్మిక. ఎదిగిన పిల్లులలో చాలవాటికి ఆవు పాలు, గేదె పాలు సరిగా జీర్ణము కాక విరేచనములగును. నీళ్ల పాత్ర మాత్రము ఎల్లప్పుడును నిండుగా ఉండవలెను.

శాకాహారుల ఇండ్లలో పెరుగన్నముతో పెరుగు పిల్లులు చాల కలవు. వాటిని గూర్చి ఒక హెచ్చరిక. పిల్లి పుట్టుకతో మాంసాహారి. మాంసములోను, చేపలోను ఉండు టారిన్ అను పదార్థము దాని శరీరములో చాలినంత తయారు కాదు. అది లోపించినచో పిల్లి కనుచూపు చెడునని 1975లోను, గుండె బలహీనపడునని 1987లోను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఎలుకలను పట్టి తిను పిల్లికి ఈ లోటు కొంత తీరును. పట్టనప్పుడు పెరుగన్నము ఒక్కటే చాలదు. ఇంట మాంసము తాకని వారు అంగళ్లలో దొరకు పిల్లుల తిండిని రోజుకు కొంచెము పెట్టవచ్చును. అదియు వీలుకానివారు పిల్లిని తేకుండుటయే మేలు.

ఎటువంటి పిల్లిని తేవలెను?

ఎనిమిది వారములు నిండని పిల్లను తల్లినుండి వేరు చేయరాదు. కళ్లు తెరచిన వెంటనే తెచ్చినచో త్వరగా మాలిమి అగునని కొందరు అందురు. అట్టి పిల్లలలో పెక్కు బ్రతుకవు. బ్రతికినవి బెదురు వదలవు. అయితే రెండవ వారము మొదలు ఏడవ వారము వరకు పిల్ల మనుష్యులకు అలవాటు పడు వయస్సు. ఆ కాలములో తల్లివద్దనే ఉండగా ఇంటివారు చేతితో నిమిరి, ఎత్తి, మాటలాడిన పిల్ల మనిషిని నమ్మును. కావున పిల్లను ఎన్నుకొనునప్పుడు రంగును గాక అది పెరిగిన ఇంటిని చూడుడు. గడ్డివాములో మనుష్యుల వాసన ఎరుగక పెరిగిన పిల్లకంటె, వంటింటి గడపలో పిల్లల నడుమ పెరిగిన పిల్ల మేలు. వేటాడు తల్లి పిల్లలైతే మరియు మంచిది; పట్టిన ఎలుకను తెచ్చి పిల్లలకు నేర్పునది తల్లియే.

వీధి పాలైన ఎదిగిన పిల్లిని చేరదీయుట కూడ మంచి పనియే. అది వేట నేర్చినది, ఒడుపు తెలిసినది. కాని దానికి ఓపిక ఎక్కువ కావలెను. మనిషి చేతిని సహింపని పిల్లిని ఒడిలో కూర్చుండబెట్టవలెనని ప్రయత్నింపరాదు. దానికి సావిడిలో చోటు, తిండి, భయము లేని రాత్రి దొరికిన చాలును. దాని పని అది చేయును.

తెచ్చుటకు ముందు విషము తీసివేయుడు

ఈ వ్యాసములో ఒక్క మాటయే గుర్తుంచుకొనదలచినవారు దీనిని గుర్తుంచుకొనుడు. విషమును, పిల్లిని ఒకే ఇంట ఉంచరాదు.

బ్రోమడయొలోన్ మందు తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని దినములు మందగించి, తూలుచు తిరిగి, లోలోపల రక్తము కారి చచ్చును. అట్లు తూలు ఎలుక పిల్లికి సులువుగా చిక్కును. ఎలుక కాలేయములోని మందు పిల్లి కడుపులోనికి చేరును. జింకు ఫాస్ఫైడు తిన్న ఎలుక కొన్ని గంటలలోనే చచ్చును గాని, దాని కడుపులో మిగిలిన మందు పిల్లిని జబ్బుపరచును. ఈ రెండవదానికి విరుగుడు మందు లేదు.

డెల్టా ప్రాంతమున ఒక రైతు ఇంట జరిగిన సంగతి చెప్పెదను. ఆయన అటకపై మందు బిళ్లలు పెట్టి, వారము తిరుగకుండగనే మంచి వేటకత్తె అయిన పిల్లిని తెచ్చెను. అది వరుసగా దినమునకొక ఎలుకను పట్టుచుండగా ఇంటిల్లిపాది మురిసిపోయిరి. పది దినముల తరువాత పిల్లి మూల పండుకొని లేవలేదు. చిగుళ్లనుండి రక్తము కనబడెను. పశువైద్యుడు విటమిన్ కె1 ఇచ్చి ప్రయత్నించెను గాని అప్పటికే ఆలస్యమైనది. "మందు నేను ఎలుకకు పెట్టితిని గదా!" అని ఆ రైతు వాపోయెను. మందుకు ఎలుక యేదో, పిల్లి యేదో తెలియదు.

ఇంతకు ముందు ఇంట మందు పెట్టియుండినచో మిగిలిన ఎర నంతయు ఏరి పూడ్చి, చచ్చిన ఎలుకలను ప్రతి దినము వెదకి లోతుగా పాతిపెట్టి, కనీసము ఒక నెల గడచిన పిమ్మటనే పిల్లిని తెండని నా సలహా. పొరుగింటివారికి కూడ మాట చెప్పుడు. వారి ఎలుక మన పిల్లికి దొరకకపోదు. జిగురు అట్టలను తీసివేయుడు. పిల్ల వాటికి అంటుకొనిపోవును. ధాన్యమునకు పొగ మందు పెట్టిన గదిలోనికి పిల్లిని గాని మనిషిని గాని పోనీయరాదు.

మరి రెండు విషములు మన ఇండ్లలో తెలియక దాగియున్నవి. పశువుల పిడుదులకు పట్టించు సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటి మందులను పిల్లి ఒంటికి రాయరాదు. గేదెకు సరిపడునది పిల్లికి మూర్ఛ తెప్పించును. మందు పట్టించిన పశువు ఒళ్లు ఆరువరకు పిల్లిని దాని దరి చేరనీయరాదు. జ్వరమునకు మనము మ్రింగు పారాసిటమాల్ మాత్ర చిన్న ముక్కయైనను పిల్లి ప్రాణము తీయును.

మొదటి పదిహేను దినములు

పిల్లిని గోనెసంచిలో తేరాదు. ఊపిరాడక, త్రోవ పొడవున కుదుపులకు బెదరి, ఇల్లు చేరునప్పటికే అది మనలను శత్రువులుగా ఎంచును. మూత ఉన్న వెదురు బుట్టనో, గాలి రంధ్రములు చేసిన అట్టపెట్టెనో వాడుడు. తల్లివద్ద అది పండుకొన్న పాత గుడ్డ ముక్కను దానితోపాటు తెండు. తెలిసిన వాసన ఒకటి దగ్గర ఉన్నచో క్రొత్త చోట భయము సగము తగ్గును. చల్లని వేళ, ఉదయముననో సాయంకాలముననో ప్రయాణము పెట్టుకొనుడు.

ఇంటిలో ఒక చిన్న గదిని ముందుగా సిద్ధము చేయుడు. కిటికీలకు జల్లెడ ఉండవలెను. చూరు సందులు మూయవలెను. ఒక మూల నీళ్లు, తిండి. వేరొక మూల వెడల్పాటి తట్టలో పొడి ఇసుక గాని ఊక గాని పోసి ఉంచుడు. తిండియు, మలవిసర్జన చోటును ప్రక్క ప్రక్కన ఉండరాదు. పిల్లి శుభ్రత గల జంతువు, అట్టి చోట అది తినదు. మూడవ మూల బోర్లించిన అట్టపెట్టె గాని, ఒక ప్రక్క ఎత్తి పెట్టిన కోళ్లగంపపై గుడ్డ కప్పి గాని దాగుటకు చోటు చూపుడు.

బుట్టను గదిలో ఉంచి, మూత తీసి, తలుపు వేసి వెలుపలికి రండు. పిల్లి తనంతట తాను బయటకు వచ్చును. దాగియున్న పిల్లిని కాలు పట్టి లాగరాదు. చుట్టుపక్కల పిల్లలు చూడవచ్చుట సహజమే. వారికి మూడు దినముల తరువాత చూపెదమని చెప్పుడు. మొదటి రాత్రి అది అరచినను కంగారు పడవలదు.

తెనాలి రామకృష్ణుని పిల్లి కథ మనలో తెలియనివారు లేరు. ఎలుకల బెడద పోగొట్టుటకు రాయలవారు ఇంటికొక పిల్లిని, దాని పాలకై ఒక ఆవును ఇప్పించిరట. రామకృష్ణుడు మొదటనే కాగిన పాలు ముందుంచగా, మూతి కాలిన ఆ పిల్లి అటుపై పాలగిన్నె కనబడినంతనే పారిపోయెనట. నవ్వుకొనుటకు చెప్పుకొను కథయే గాని అందులో పిల్లి స్వభావమున్నది. తొలిదినములలో కలిగిన భయమును అది మరువదు. తొలిదినములలో కలిగిన నమ్మకమును కూడ మరువదు.

రెండవ దినము మొదలు ఇంటిలో ఒక్కరే, సాధారణముగా తిండి పెట్టువారే, గదిలోనికి పోయి నేలపై కొంతసేపు ఊరక కూర్చుండవలెను. పిల్లి వంక తదేకముగా చూడరాదు. గిన్నెపై చెంచాతో రెండు సార్లు తట్టి, ఒకే పిలుపుతో పిలిచి, ఒకే వేళకు తిండి పెట్టుడు. నాలుగైదు దినములలో ఆ చప్పుడు వినగానే పిల్లి బయటకు వచ్చును. తరువాత ఎప్పుడు తప్పిపోయినను ఆ పిలుపే దానిని ఇంటికి రప్పించు తాడు. అది తానై వచ్చి కాలికి ఒరసుకొన్నప్పుడే చేయి చాపుడు. ముందుగా చెంపలు, గడ్డము క్రింద నిమురుడు; పొట్టను ముట్టరాదు.

ఎదిగిన పిల్లి మొదటి దినమున తినకపోవచ్చును. రెండు దినములు దాటినను ముట్టనిచో, పిల్ల అయినచో ఒక్క దినము తిననిచో, పశువైద్యునికి చూపవలెను. తిండి మానిన పిల్లి త్వరగా నీరసించును.

వారము గడచిన పిమ్మట గది తలుపు తెరచి ఇంటిలోని తక్కిన భాగములను ఒక్కొక్కటిగా చూడనీయుడు. ఇంట కుక్క ఉన్నచో, ముందుగా కుక్క పండుకొను గుడ్డను పిల్లి గదిలోను, పిల్లి గుడ్డను కుక్క దగ్గరను రెండు మూడు దినములు ఉంచుడు. వాసన తెలిసిన తరువాత కుక్కను కట్టివేసి, పిల్లికి ఎత్తైన చోటు అందుబాటులో ఉంచి ఒకదానినొకటి చూడనీయవలెను. కోడిపిల్లలను కొంతకాలము గంప క్రిందనే ఉంచుట మంచిది.

పదిహేను దినముల తరువాత, సాయంకాలము తిండికి ముందు, ఆకలి వేళ, ఒక అరగంట పెరటిలోనికి విడువుడు. గిన్నె చప్పుడు చేయగానే తిరిగి వచ్చును. దినదినము ఈ వేళను పెంచుకొనుచు పోవచ్చును. మాలిమి కాని ఎదిగిన పిల్లినైతే సావిడిలో గాలి వెలుతురు గల మూసిన గదిలోనో, పెద్ద జాలి బోనులోనో మూడు నాలుగు వారములు ఉంచి విడువవలెను. పిల్లలను మాత్రము టీకాలు పూర్తియై, నాలుగు నెలలు దాటువరకు ఒంటరిగా వెలుపల తిరుగనీయరాదు. అలవాటు పడిన పిల్లిని రాత్రివేళ ధాన్యపు కొట్టులోనో, సావిడిలోనో ఉంచినచో, కాపలాయు సరిగా జరుగును. కుక్కల బెడదయు తప్పును. రైతునకు మేలు చేయు పక్షులును దాని వాత పడవు. కొట్టులో ఇసుక తట్ట తప్పక ఉంచుడు. లేనిచో ధాన్యపు రాశినే ఇసుక కుప్ప అనుకొనును.

టీకా, శస్త్రచికిత్స

పిల్లికి కూడ పిచ్చి వ్యాధి, అనగా రేబిస్, సోకునని చాలమందికి తెలియదు. కుక్క కరచినప్పుడు పరుగెత్తు మనము, పిల్లి గీరినప్పుడు పసుపు పెట్టి ఊరకుందుము. ఇది ప్రాణాపాయము. పిల్లి కరచినను, రక్తము వచ్చునట్లు గీరినను, గాయమును ధారగా పడు నీటితో, సబ్బుతో పదిహేను నిమిషములు కడిగి, ఆ దినముననే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి టీకా వేయించుకొనవలెను. చెప్పిన తేదీలలో అన్ని సూదులును పూర్తి చేయవలెను.

పిల్లికి మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించి, పశువైద్యుడు చెప్పినట్లు తిరిగి వేయించుచుండవలెను. పాస్చరు మహాశయుడు 1885 జులై 6న మొదటిసారి ఒక బాలునికి రేబిస్ టీకా వేసిన సందర్భమును పురస్కరించుకొని, ఏటేట జులై 6న పశువైద్యశాలలలో టీకా శిబిరములు జరుగుచుండును. కుక్కలతోపాటు పిల్లులను కూడ అచ్చటికి తీసికొనిపోవచ్చును. పిల్లలను వాంతులు, విరేచనములతో రెండు మూడు దినములలో చంపు అంటువ్యాధి మరియొకటి కలదు. దానికి ఎనిమిదవ వారము మొదలు టీకాలు వేయింపవచ్చును. పురుగుల మందును వైద్యుని సలహాపై త్రాగింపవలెను.

ఇసుక తట్టను ప్రతిదినము శుభ్రము చేయవలెను. ఎందుకనగా పిల్లి మలములోని ఒక సూక్ష్మజీవి ఒకటి రెండు దినములు నిలువయున్న పిమ్మటనే అంటుకొను శక్తి పొందును. అది గర్భస్థ శిశువునకు హాని చేయును గనుక గర్భిణీ స్త్రీలు ఆ పని చేయరాదు. ఇతరులు కూడ చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

ఆడపిల్లి నాలుగైదు నెలలకే ఎదకు వచ్చి, రమారమి తొమ్మిది వారములు మోసి, నాలుగైదు పిల్లలను ఈనును. ఏడాదికి రెండు మూడు ఈతలు సాధారణము. పిల్లలను ఏడిండ్లు త్రిప్పునని సామెత. ఆ ఏడిండ్లవారును విసిగి, చివరకు గోనెసంచిలో వేసి కాలువ అవతల విడుతురు. ఇది పాపమను మాట అటుంచి, పెంపుడు జంతువును ఆకలిదప్పులకు విడిచివేయుట 1960 నాటి జంతు హింసా నివారణ చట్టము ప్రకారము నేరము. ఐదారు నెలల వయస్సున శస్త్రచికిత్స చేయించినచో ఈ బాధ ఉండదు. శస్త్రచికిత్స అయిన పిల్లి ఎలుకలను పట్టదను భయము నిరాధారము. తోడు కొరకు ఊరు తిరుగుట మాని అది ఇంటిని అంటిపెట్టుకొనును.

గ్రామాధికారులకు మనవి

ఎలుకల నివారణకు మందు పంచునప్పుడు, ఏ దినమున, ఏ వీధిలో, ఏ మందు పెట్టుచున్నారో ముందుగా చాటింపు వేయించుడు. పెంపుడు జంతువులను కట్టియుంచుకొను అవకాశము ప్రజలకు కలుగును. ఇండ్లలో మందుకు బదులు బోనులను ప్రోత్సహించుడు. పశువైద్య సిబ్బంది ఊరికి వచ్చు దినమున ఆవులు, గేదెలతోపాటు పిల్లులను కూడ లెక్కలో చేర్చుకొనుమని కోరుడు. బడిపిల్లలకు రెండు మాటలు చెప్పుడు: తెలియని పిల్లిని ఎత్తరాదు, గీరినచో ఇంట దాచరాదు.

కొన్నివేల ఏండ్ల క్రిందట మనిషి ధాన్యము దాచుట నేర్చినప్పుడు ఎలుక దాని వెంట వచ్చెను, ఎలుక వెంట పిల్లి వచ్చెను. సైప్రస్ ద్వీపమున సుమారు 9,500 ఏండ్ల నాటి సమాధిలో మనిషి ప్రక్కనే పాతిన పిల్లి అస్థికలు బయటపడినట్లు 2004లో ప్రకటించిరి. ఎద్దును ముక్కుతాడు వేసి తెచ్చుకొంటిమి. పిల్లి తానై వచ్చి, నచ్చినచో నిలిచినది. నేటికిని దాని తీరు అదియే. కట్టివేసి నిలుపలేము, ఆకలితో నిలుపలేము. ఒక గది, ఒక గిన్నె, ఒక పిలుపు, పదిహేను దినముల ఓపిక, విషము లేని ఇల్లు. ఇవి ఇయ్యగలవారు ఈ మాసూళ్లకు పిల్లిని తెచ్చుకొనుడు. ఇయ్యలేనివారు ఒక మంచి బోను కొనుక్కొనుడు. దానికి ఆకలి లేదు, భయము లేదు.